నాడి పట్టిన చెయ్యి, అడగని ప్రశ్న

బహ్రెయిన్‌లోని హిద్ నుంచి మాట్లాడుతున్నాను.

పోయినేడాది మా అమ్మ మా దగ్గరికి వచ్చింది. వారం తిరక్కుండానే కాళ్ళు పొంగాయి. డాక్టరు రక్తపరీక్ష రాసి చీటీ చేతిలో పెట్టాడు. బయటికొచ్చాక అమ్మ "చెయ్యి పట్టుకునైనా చూడలేదు, ఇదేం వైద్యంరా?" అంది. నేను నవ్వేశాను. రిపోర్టు వచ్చాక నా నవ్వు ఆగిపోయింది. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. అమ్మ పెట్టె వెతికితే పేరూ ఊరూ లేని పొడి పొట్లాలు దొరికాయి. కీళ్ళనొప్పులకని ఏడాదిగా వేసుకుంటోందట. "ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే "నన్నెవరడిగారు?" అంది.

ఆ మాట నన్ను పాత వైద్యాల చరిత్ర చదివించింది. అందులో నన్ను బాగా ఆకట్టుకున్నది చైనా వైద్యం.

చైనా వైద్యుడి పరీక్షలు నాలుగు: చూడడం, వినడం, అడగడం, తాకడం. చూడడంలో ముఖ్యమైనది నాలుక. దాని రంగు, దాని మీది పూత గమనిస్తాడు. వినడంలోనే వాసన చూడడమూ ఉంది, వాళ్ళ భాషలో రెంటికీ ఒకటే మాట. ఇక చలి, చెమట, దాహం, నిద్ర గురించి అడుగుతాడు. చివరగా రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్ళు ఆనించి, మొదట తేలిగ్గా, తర్వాత నొక్కి నాడి చూస్తాడు. ఎడమచేతిలో గుండె, కాలేయం, మూత్రపిండం తెలుస్తాయని, కుడిచేతిలో ఊపిరితిత్తులు, ప్లీహం తెలుస్తాయని వాళ్ళ నమ్మకం. క్రీ.శ. 3వ శతాబ్దంలో వాంగ్ షుహ 24 రకాల నాడులను వర్ణించాడు. 1564లో లి షిజెన్ వాటిని 27 చేశాడు.

మందు ఎంచుకోవడానికి జబ్బు పేరొక్కటే చాలదు. ఇద్దరికీ జలుబే అనుకోండి. ఒకడు చెమట పట్టక చలికి వణుకుతున్నాడు, ఇంకొకడికి గొంతుమంట, దాహం. ఇద్దరికీ ఒకే మందు ఇవ్వరు. మొదటివాడికిచ్చే కషాయంలో నాలుగు దినుసులుంటాయి. మాహువాంగ్ రాజు, దాల్చినకొమ్మ మంత్రి, ఆప్రికాట్ గింజ సహాయకుడు, అతిమధురం దూత. సుమారు 1800 ఏళ్ళ కిందట జాంగ్ జోంగ్‌జింగ్ రాసిన యోగం ఇది.

మనకీ ఇలాంటిదే ఉంది. చూడడం, తాకడం, అడగడం అనే మూడూ చరకుడు చెప్పినవే. నాడీపరీక్ష మాత్రం చరక, సుశ్రుత సంహితల్లో లేదు, తర్వాతి శార్ఙ్గధర సంహితలో కనిపిస్తుంది. వాతనాడి పాములా, పిత్తనాడి కప్పలా, కఫనాడి హంసలా నడుస్తుందంటుంది అది. మన తెలుగునేల మీద పుట్టిన బసవరాజీయం కూడా నాడీపరీక్షకు పెద్దపీట వేసింది.

ఈ విద్యలు ఒకచోటే కూర్చోలేదు. 1037లో చనిపోయిన ఇబ్న్ సీనా నాడి గురించి విస్తారంగా రాశాడు. 1313లో తబ్రీజ్‌లో రషీదుద్దీన్ చైనావాళ్ళ నాడీగ్రంథాన్ని పారశీకంలోకి తెప్పించాడు. ఒకప్పుడు మా హిద్ ముత్యాలవేటకు పేరున్న ఊరు. ముత్యాన్ని పొడి చేసి చైనావాళ్ళు, భస్మం చేసి మనవాళ్ళు మందుగా వాడారు.

మరి ఎవరైనా నాడి చూసి ఉంటే అమ్మ సంగతి తెలిసేదా? నేననుకోను. నాడిలో గుండె వేగం, లయ తెలుస్తాయి. మూత్రపిండాల సంగతి చెప్పేది రక్తపరీక్షే. పాతదంతా మంచిదనీ కాదు. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో, సన్నబడే మందులో ఒక చైనా మూలిక బదులు ఇంకొకటి కలిసింది. వందమందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయి. పాతదంతా చెడ్డదనీ కాదు. 4వ శతాబ్దపు గె హాంగ్ గ్రంథం ఇచ్చిన సూచనతోనే తు యూయూ 1970ల మొదట్లో మలేరియా మందు సాధించి, 2015లో నోబెల్ అందుకుంది.

రెండోసారి ఆ పొట్లాలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఈసారి ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని అన్నీ అడిగాడు. అమ్మ అన్నీ చెప్పింది. పొడి మాన్పించాక రిపోర్టు కొంత మెరుగుపడింది. తప్పు ఆయన ఒక్కడిదే కాదు. అమ్మను విమానాశ్రయంలో దింపుకున్న రోజే నేను అడగాల్సింది.

మీ ఇంటికి పెద్దవాళ్ళు వస్తే పచ్చళ్ళ సీసాలతో పాటు మందుల సంచీ కూడా విప్పించండి. కసరకుండా, పక్కన కూర్చుని అడగండి. సెలవు.