ఆ పులిని చంపని తుపాకీ: జిమ్ కార్బెట్ రైఫిల్ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక తుపాకీ గురించి. వందేళ్లు దాటిన పాత రైఫిల్ ఇది. దాని చెక్క మీద చిన్న వెండి పలక ఒకటి బిగించి ఉంటుంది. 1907లో చంపావత్‌లో మనుషుల్ని తినే ఆడపులిని చంపినందుకు యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జె.పి. హ్యూవెట్ దీన్ని జె.జి. కార్బెట్‌కి బహూకరించారు అని ఆ పలక చెప్తుంది. అవును, మన జిమ్ కార్బెట్. ఉత్తరాఖండ్‌లో ఉన్న నేషనల్ పార్క్‌కి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు అసలు విషయం. ఆ పులి చచ్చింది ఈ రైఫిల్‌తో కాదు! పులి చచ్చాకే ఈ రైఫిల్ ఆయన చేతికొచ్చింది. మరి దీనికి ఇంత పేరెందుకు? అది తెలియాలంటే ముందు ఆ పులి సంగతి తెలియాలి.

చంపావత్ పులి నేపాల్‌లో 200 మందిని చంపిందట. అక్కడ తరిమితే సరిహద్దు దాటి కుమావూన్ కొండల్లోకి వచ్చింది. ఇక్కడ ఇంకో 236 మంది. మొత్తం 436. జనం తలుపులేసుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. పొలాల్లో పంట కోసేవాళ్లు లేరు. అప్పటికి కార్బెట్ పెద్ద పేరున్న మనిషేం కాదు, రైల్వే పనులు చూసుకునేవారు. వయసు ముప్పై దాటింది. మనుషుల్ని తినే పులి వెంట వెళ్లడం ఆయనకి అదే మొదటిసారి.

చివరి రోజు చంపావత్ తహసీల్దారు ఊళ్లన్నీ తిరిగి దాదాపు 300 మందిని పోగేశారు. వాళ్లంతా కొండ మీద నుంచి కేకలు వేస్తూ పులిని కిందికి తోలారు. కార్బెట్ చేతిలో .500 రైఫిల్, జేబులో మూడే తూటాలు. మూడూ అయిపోయాయి, పులికి గాయాలయ్యాయి, కానీ చావలేదు. ఆయన పరుగెత్తుకెళ్లి తహసీల్దారు చేతిలోని పాత తుపాకీ లాక్కున్నారు. తీరా చూస్తే దాని గొట్టాలకీ వెనక భాగానికీ మధ్య సందు! పేలిస్తే కాల్చినవాడి మొహమే పోవచ్చు. అయినా కాల్చారు. నోటికి గురిపెడితే తూటా ముందు పంజాకి తగిలింది. అప్పటికే పులి పని అయిపోయింది, అక్కడే పడిపోయింది.

తర్వాత దాని నోరు తెరిచి చూశారు. కుడివైపు కోరపళ్లు రెండూ విరిగి ఉన్నాయి. పైది సగానికి, కిందిది ఎముక దాకా. ఎప్పుడో ఎవరో కాల్చిన తూటా తగిలి విరిగినవి అవి. కోరలు పోతే పులి జింకని పట్టి చంపలేదు. అందుకే మనుషుల మీద పడింది అంటారు కార్బెట్.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో ఎవరో సగంలో వదిలేసిన కోడ్ నెలల తర్వాత రాత్రిపూట మా నెత్తిన పడేది. రాసినవాడు ఎక్కడున్నాడో కూడా తెలిసేది కాదు. మాకు పోయింది నిద్రే. అక్కడ ఎవడో ఒకడు పులిని గాయపరిచి వదిలేసి వెళ్లినందుకు వందల ఇళ్లు దీపం లేకుండా అయిపోయాయి.

నైనిటాల్ దర్బారులో తహసీల్దారుకి తుపాకీ, కార్బెట్‌కి తోడుగా వెళ్లిన మనిషికి వేటకత్తి ఇచ్చారు. తన పుస్తకంలో కార్బెట్ ఈ రెండింటి గురించే రాశారు. తనకొచ్చిన రైఫిల్ ఊసే అక్కడ లేదు.

ఆ రైఫిల్ లండన్‌కి చెందిన జాన్ రిగ్బీ కంపెనీది. మౌజర్ పద్ధతిలో పనిచేసే బోల్ట్ యాక్షన్. పేరు .275 రిగ్బీ, అంటే మన లెక్కలో 7 మిల్లీమీటర్ల తూటా. పులి వేటకి పెద్ద పెద్ద తూటాలు వాడే రోజుల్లో ఇది చిన్నదే. కానీ బరువు తక్కువ. ఆ తక్కువ బరువే ఒకరోజు ఆయన ప్రాణం కాపాడింది.

1930 ఏప్రిల్. చౌగఢ్ ప్రాంతంలో ఇంకో ఆడపులి. అధికారిక లెక్క ప్రకారమే 64 మందిని చంపింది. దాని కోసం వెళ్తూ దారిలో నైట్‌జార్ అనే పిట్ట గుడ్లు రెండు చూశారు కార్బెట్. ఆయనకి గుడ్లు సేకరించే అలవాటు. వాటిని ఎడమ చేతిలో పట్టుకుని, కుడి చేత్తో రైఫిల్ మోస్తూ ఒక పెద్ద బండ దాటారు. వెనక్కి తిరిగి చూస్తే ఎనిమిది అడుగుల దూరంలో పులి, ఎగరడానికి రెడీగా!

గబుక్కున కదిలితే అయిపోయేది. ఒక్క చేత్తోనే రైఫిల్‌ని మెల్లగా, చాలా మెల్లగా పులి వైపు తిప్పారు. ఒకే తూటా. పులి తల ముందు కాళ్ల మీద వాలిపోయింది. బతకడానికి కారణాలేంటో ఆయనే లెక్కేసి చెప్పారు. చేతిలో గుడ్లు ఉండబట్టి రెండు చేతులతో ఒక్కసారిగా తిరగలేదు. రైఫిల్ తేలిక కాబట్టి ఒంటిచేత్తో తిప్పగలిగారు. తర్వాత ఏం చేశారో తెలుసా? ఆ గుడ్లని తీసుకెళ్లి మళ్లీ వాటి చోటే పెట్టేశారు. అరగంటకి వచ్చి చూస్తే తల్లి పిట్ట వాటిని పొదుగుతోంది.

ఇలాంటి బంధం మన వైపు అడవుల్లో తిరిగిన ఇంకో వేటగాడికీ ఉండేది. కెన్నెత్ ఆండర్సన్. పుట్టింది మన బొల్లారంలోనే. తిరుపతి దగ్గర మామండూరు, చామల లోయ పులుల కథలు రాసింది ఆయనే. ఆయన దగ్గర ఉండేది .405 వించెస్టర్. తనకి అలవాటైన ఆ రైఫిల్‌నే ఏళ్ల తరబడి నమ్ముకున్నారు. ఎదురుగా పులి ఉన్నప్పుడు కొత్త మోడల్ కన్నా చేతికి తెలిసిన పాతదే నయం కదా.

కార్బెట్ మెల్లగా రైఫిల్ తగ్గించి కెమెరా పట్టుకున్నారు, పులుల్ని సినిమా తీశారు. 1947లో కెన్యా వెళ్లి, 1955లో అక్కడే కన్నుమూశారు. రైఫిల్ ఆయన పుస్తకాలు వేసిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దగ్గరికి చేరింది. 2015లో తిరిగి రిగ్బీ కంపెనీకే వచ్చింది. 2016లో దాన్ని ఇండియాకి తెచ్చి, కార్బెట్ సొంత ఊరిలా చూసుకున్న ఛోటీ హల్ద్వానీలో జనానికి చూపించారు.

1972 చట్టంతో మన దేశంలో వేట ముగిసింది. ముగియడమే మంచిది. కానీ పులి భయం మాత్రం పోలేదు. ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వైపు పొలానికెళ్లిన మనిషి మీద పులి పడిందని వార్త వస్తుంటుంది. ఆ ఇంట్లోవాళ్ల ఏడుపు నిజం. ఆ పులి అక్కడిదాకా ఎందుకొచ్చిందన్న ప్రశ్న కూడా అంతే నిజం. కార్బెట్ పులిని చంపి ఊరుకోలేదు, దాని నోరు తెరిచి చూశారు. మనం కూడా "చంపేయండి" అని కామెంట్ పెట్టే ముందు ఆ ఒక్క పని చేద్దాం. ఏం జరిగిందో చూద్దాం.