ఒక్క సంచి, ఏడు కిలోలు

మామిడికాయలు కోతకొచ్చాయంటే చాలు, మా సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రతి ఏడూ అదే ప్రశ్న: "ఆవకాయ హ్యాండ్ బ్యాగులో తేవచ్చా?" పదిమంది పది జవాబులిస్తారు. ఒకరు తెచ్చానంటారు, ఒకరిది చెత్తబుట్టలో వేయించారంటారు. ఈసారి మేమే కూర్చుని కాస్త వివరంగా రాద్దామనుకున్నాం. దానికి కారణం పోయిన వేసవిలో జరిగిన ఒక సంగతి.

మా సభ్యులొకరి అమ్మగారు ఊరి నుంచి ఒంటరిగా బెంగళూరు వచ్చారు. టికెట్ ఇక్కడి నుంచి కొడుకే తీశాడు, చౌకగా ఉందని చెకిన్ లగేజీ లేని రకం. ఆ సంగతి ఆవిడకు చెప్పడం మరిచిపోయాడు. ఆవిడ రెండు సంచులతో వెళ్లారు. కౌంటర్ దగ్గర తూచి, అదనంగా కట్టమన్నారు. చేతిలో అంత డబ్బు లేదు, కొడుకు ఫోను మీటింగులో ఉంది. చివరికి అందరి ముందూ సంచి విప్పి జాడీ, చీరలు, మనవరాలికి కుట్టించిన పరికిణీ అన్నీ బల్లమీద పెట్టి, ఏది తీసుకెళ్లాలో ఏది వదలాలో ఆవిడే తేల్చుకోవాల్సి వచ్చింది. జాడీ అక్కడ ఊడ్చే అమ్మాయికి ఇచ్చి వచ్చారు. "పచ్చడి పోతే పోయింది నాయనా, సంచి విప్పించారు" అన్నారు ఇంటికొచ్చాక. ఏ సంస్థ, ఏ ఊరు అన్నది ఇక్కడ అనవసరం. అక్కడున్న పిల్లలు వాళ్ల నిబంధన ప్రకారమే చేశారు. ఆ నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందన్నదే మా ప్రశ్న.

ముందు ఒక అపోహ. "ఒక్క సంచి", "ఏడు కిలోలు" రెండూ ఒకే నిబంధన అని మనలో చాలామంది అనుకుంటాం. అవి వేర్వేరు చోట్ల పుట్టినవి. ఒక్క సంచి అన్నది పౌర విమానయాన భద్రతా బ్యూరో (బీసీఏఎస్) మాట. 2000లో ఆ సంస్థ ఇచ్చిన సర్క్యులర్లలో ప్రయాణికుడికి ఒకే హ్యాండ్ బ్యాగు అని ఉంది. ఆడవాళ్ల పర్సు, గొడుగు, కెమెరా, చంటిపిల్లల పాలసీసా వంటివాటికి మినహాయింపులున్నాయి. 1999 డిసెంబరు 24న ఐసీ 814 విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీసుకెళ్లిన ఘటన జరిగి అప్పటికి ఏడాదైనా కాలేదు. సంచులు తక్కువైతే ఎక్స్‌రే దగ్గర తనిఖీ సవ్యంగా సాగుతుందన్నది అందులోని తర్కం. అప్పటికి మన దేశంలో చౌక విమానం అనే మాటే లేదు.

ఏడు కిలోలన్నది విమాన సంస్థలు టికెట్ షరతుల్లో రాసుకునే మాట. ఎయిరిండియా దేశీయ ఎకానమీ ప్రయాణికులకు చాలాకాలం 8 కిలోలు ఇచ్చింది, ఈ మధ్యనే ఏడుకు వచ్చింది. భద్రతకు సంబంధించిన అంకెే అయితే సంస్థను బట్టి మారదు కదా.

చౌక విమానం కథ మన ఊళ్లోనే మొదలైంది. సైన్యంలో పనిచేసి, తర్వాత వ్యవసాయం చేసి, హెలికాప్టర్ల వ్యాపారం నడిపిన కెప్టెన్ గోపీనాథ్ 2003 ఆగస్టులో ఎయిర్ డెక్కన్ విమానాలు ఎగరేశారు. అప్పట్లో విమానాశ్రయమంటే హెచ్ఏఎల్‌దే, ఇప్పుడు మనం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు అంటున్న దారిలో. సంస్థ గుర్తు ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడు. తర్వాత ఒక్క రూపాయి టికెట్లు కూడా అమ్మారు. ఆయన జీవితం ఆధారంగా వచ్చిన సినిమాను మనం 'ఆకాశం నీ హద్దురా' పేరుతో తెలుగులో చూశాం. దాన్ని తీసిన సుధ కొంగర మన తెలుగావిడే.

మనవాళ్లకు ఆ సంస్థతో ఇంకో జ్ఞాపకం ఉంది. 2003 సెప్టెంబరులో హైదరాబాద్–విజయవాడ సర్వీసు ప్రారంభం. బేగంపేటలో విమానం పైకి లేవకముందే ఇంజనులో మంటలొచ్చాయి. లోపల వెంకయ్యనాయుడు గారితో పాటు కేంద్రమంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ కూడా ఉన్నారు. అందరూ క్షేమంగా దిగారు. ఇంత జరిగాక ఎవరెక్కుతారులే అనుకున్నవాళ్లు ఆ రోజుల్లో చాలామందే, కానీ ఎక్కారు. గన్నవరం దారి మళ్లీ తెరుచుకుంది.

ఆ విమానాలు ఏటీఆర్ 42 రకం, యాభై సీట్లలోపు చిన్నవి. పైన సామాను అర చేటంత ఉంటుంది. పెద్ద పెట్టె అందులో పట్టదు, గుమ్మం దగ్గరే తీసుకుని వెనక సామాను గదిలో వేస్తారు. ఇండిగో 2017 డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఏటీఆర్‌లు నడపడం మొదలెట్టాక మన చిన్న ఊళ్లకు వెళ్లే వాళ్లకు ఈ అనుభవం మళ్లీ మామూలైంది. జెట్ విమానంలో పట్టిన పెట్టె ఇందులో ఎందుకు పట్టలేదని సిబ్బందితో వాదించి లాభం లేదు. తప్పు అర కొలతది.

చౌక సంస్థ బతికేది విమానం నేలమీద ఎంత తక్కువసేపు ఉంటుందన్నదాని మీద. దిగిన అరగంటలో మళ్లీ ఎగరాలి. 180 సీట్ల విమానంలో తలా ఒక చక్రాల పెట్టె ఎత్తి, తోసి, పట్టక కిందికి దించి, ఎయిర్ హోస్టెస్‌ను పిలిచి... ఈ తతంగమంతా మనం చూసేదే. అసలీ గొడవకు చక్రాలే మూలం. 1970లో బెర్నార్డ్ సాడో అనే అమెరికన్ పెట్టెకు చక్రాలు బిగించి 1972లో పేటెంట్ పొందాడు. 1980ల చివర్లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ దాన్ని నిలబెట్టి, పిడి తగిలించి, ఇప్పుడు మనం లాగే రూపానికి తెచ్చాడు. కూలీ అవసరం లేకుండా సామాను చేతికొచ్చింది. చేతికొచ్చింది కాబట్టి క్యాబిన్‌లోకీ వచ్చింది.

తర్వాత డబ్బు సంగతి. 2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ లోపల వేసే మొదటి పెట్టెకే 15 డాలర్లు అంది. జనం పెట్టెలు చేతిలో పట్టుకుని ఎక్కడం మొదలెట్టారు. 2010 ఆగస్టులో స్పిరిట్ అనే సంస్థ చేతి పెట్టెకూ రుసుము పెట్టింది. యూరప్‌లో 2014లో అక్కడి న్యాయస్థానం, వుయెలింగ్ అనే సంస్థ కేసులో, సముచితమైన బరువూ కొలతా ఉన్న చేతి సామాను ప్రయాణంలో విడదీయరాని భాగమని, దానికి వేరే రుసుము కూడదని చెప్పింది. లోపల వేసే లగేజీకి మాత్రం వసూలు చేసుకోవచ్చంది. సముచితమంటే ఎంత అన్నదాని మీద అక్కడ పోట్లాట సాగుతూనే ఉంది. 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం చేతి సామాను రుసుములు సహా కొన్ని పద్ధతులపై ఐదు సంస్థలకు కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది.

మన దగ్గర మలుపు 2021 ఫిబ్రవరిలో. చెకిన్ లగేజీ లేకుండా వెళ్లేవారికి టికెట్ తగ్గించి అమ్ముకోవచ్చని డీజీసీఏ అనుమతించింది. ఆఫీసు పని మీద ఒక పూటకు హైదరాబాద్ వెళ్లొచ్చే కుర్రాళ్లకు అది మేలే, మాలో చాలామంది ఆ టికెట్లే కొంటాం. అయితే అందులో ఒక షరతు ఉంది: సామానుతో వస్తే ఎంత కట్టాలో బుకింగ్ సమయంలోనే కనిపించేలా చెప్పాలి, టికెట్ మీద ముద్రించాలి. చెబుతున్నారు, ముద్రిస్తున్నారు కూడా. కానీ ఎవరికి? తెర మీద కనపడేది టికెట్ కొన్న కొడుక్కి. ఊళ్లో ఉన్న అమ్మకు చేరేది ఫోనులో ఒక ఇంగ్లీషు కాగితం, అదీ చివర్లో చీమతలకాయలంత అక్షరాలతో. విమానం చౌకైంది కాబట్టే ఆవిడ విమానమెక్కారు, ఆ చౌక ఎలా వచ్చిందో మాత్రం ఆవిడకు ఎవరూ చెప్పలేదు. రైల్లో స్లీపర్ టికెట్‌కు 40 కిలోలు ఉచితం. ఆవిడ లెక్క ఆ లెక్క.

ఇక అసలు ప్రశ్నకు. పచ్చళ్లు, ముఖ్యంగా కారం వేసినవి, చేతి సామానులో వద్దు. చెకిన్‌లో వేయవచ్చు, నూనె కారకుండా మూత మీద ప్లాస్టిక్ చుట్టి, ఇంకో డబ్బాలో పెట్టి. కారప్పొడి కూడా అంతే. కొబ్బరి కురిడీలు మాత్రం చేతిలోనూ వద్దు, చెకిన్‌లోనూ వద్దు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉందని దాన్ని ప్రమాదకర వస్తువుల్లో చేర్చారు. అయ్యప్ప స్వాములు ఇరుముడిలోని నెయ్యి కొబ్బరికాయ గురించి అడుగుతుంటారు. 2024 అక్టోబరులో బీసీఏఎస్ దాన్ని తనిఖీ చేశాక క్యాబిన్‌లోకి అనుమతించింది, కానీ ఆ సీజనుకే, 2025 జనవరి 20 వరకు. ప్రతి ఏడూ కొత్త ఉత్తర్వు చూసుకోవాలి, నిరుటి ఫార్వర్డు నమ్ముకోవద్దు. సంస్థలు ఏడు కిలోల సంచికి తోడు చిన్న పర్సో ల్యాప్‌టాప్ సంచో ఒకటి, మూడు కిలోల దాకా, ఒప్పుకుంటున్నాయి. పెద్దవాళ్లకు మందులు, కళ్లజోడు, ఫోను ఛార్జరు అందులో పెట్టించండి.

అమ్మానాన్నలకు టికెట్ తీసే మన సభ్యులకు ఒక మనవి. లగేజీ ఉన్న టికెట్ తీయండి. లేనిది తీస్తే ఆ మాట తెలుగులో, ఫోను చేసి చెప్పండి. ఇంట్లో తూకం లేకపోతే కిరాణా కొట్లో సంచి తూయించమనండి. గ్రూపులో పెట్టడానికి ఒక పేజీ తెలుగులో రాశాం, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసుకుని ఊరికి పంపుకోవచ్చు.

ఆ అమ్మగారు ఈ ఏడు విమానం వద్దన్నారు. వచ్చే శుక్రవారం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నారు, మూడు జాడీలతో. స్టేషనుకు రాగలిగిన కుర్రాళ్లు ఇద్దరు ఉంటే కింద కామెంట్‌లో పేరు రాయండి.