ఇరవై రెండు పొయ్యిలు, ఒక టీం బిల్డింగు

ఆఫీసు టైములో, కంపెనీ ఖర్చుతో, తోటి ఉద్యోగులతో కలిసి ఉల్లిపాయలు తరగడాన్ని 'టీం బిల్డింగ్' అంటారు. మా సాఫ్ట్‌వేర్ జనాలకి ఇది కొత్తేం కాదు. ఇదివరకు బౌలింగ్, పెయింట్ బాల్, రిసార్టులో తాడు లాగుడు ఉండేవి. 2010లో మాస్టర్‌షెఫ్ ఇండియా టీవీలో మొదలయ్యాక గరిటెకీ గ్లామర్ వచ్చింది. ఇప్పుడు ఆరుగురికో బల్ల, తలా ఒక ఏప్రన్, నెత్తిన ఒక తెల్ల టోపీ. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముందే తరిగి చిన్న చిన్న గిన్నెల్లో పెట్టి ఉంటాయి. షెఫ్ గారు చెప్పినట్టు కలిపితే నలభై నిమిషాల్లో ఏదో ఒక పాస్తా తయారు. ఫోటోలు. చప్పట్లు. గిన్నెలు ఎవరు కడుగుతారో మాత్రం ఎవరూ చూడరు, మనం బస్సెక్కాక అక్కడి పనివాళ్ళు కడుగుతారు.

నేను ఇలాంటివి మూడు చూశాను. సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ కలిసి వండితే మనుషులు కలుస్తారన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది? తవ్వుకుంటూ పోతే దీనికి రెండు చరిత్రలు కనపడ్డాయి. ఒకటి అమెరికాలో, ఇంకోటి మా నిర్మల్‌కి రెండు గంటల దారిలో. విచిత్రం ఏంటంటే రెండింట్లోనూ 1940ల ప్రస్తావన ఉంది.

ముందు మన దగ్గరిది. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ రోడ్డెక్కి, ఘాట్ దాటి, గుడిహత్నూరు దగ్గర కుడివైపు తిరిగితే ఇంద్రవెల్లి, ముత్నూరు, ఆ లోపల కేస్లాపూర్. ఏటా పుష్య అమావాస్యకి అక్కడ నాగోబా జాతర. గోండుల్లో మెస్రం వంశం వాళ్ళు చేసే పూజ ఇది. జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా కాలినడకన పోయి, గోదావరి నీళ్ళు ఝరిలో తెచ్చి, వచ్చాక మర్రిచెట్ల కింద బస చేసి, ఆ రాత్రి నాగోబాకి అభిషేకం చేస్తారు. పేపర్లలో, టీవీల్లో ఈ భాగం మీరు చూసే ఉంటారు. గుస్సాడీ టోపీలు కూడా ఆ ఫోటోల పక్కనే వేస్తారు, అవి దీపావళికి సంబంధించినవైనా సరే!

పేపర్లు ఒక మూలన వేసి వదిలేసే సంగతి వంట. గుడి దగ్గర 'గోవాడ్' అని ఒక ప్రహరీ ఉంటుంది. లోపల ఇరవై రెండు పొయ్యిలు. మెస్రం వంశంలో 22 కితలు, అంటే శాఖలన్న మాట, కితకో పొయ్యి. తెలంగాణ, మహారాష్ట్రల నుంచి ఎన్ని కుటుంబాలొచ్చినా పొయ్యిల సంఖ్య పెరగదు. ఇరవై మూడోది వెలిగించరు. వచ్చినవాళ్ళు తమ కిత పొయ్యి దగ్గర వంతు కోసం ఆగాలి. ముందువాళ్ళ వంట అయ్యాకే తరువాతివాళ్ళ కుండ పొయ్యెక్కుతుంది.

నేను ఇంజినీరుని కాబట్టి నాకు ఇది వెంటనే క్యూ లాగా కనపడింది: ఇరవై రెండు త్రెడ్లు, వేల రిక్వెస్టులు. మేమైతే ఏం చేస్తాం? సర్వర్లు పెంచుతాం. ఎవరికి వాళ్ళు ఇటుకలు పేర్చుకుని వండుకుంటే అరగంటలో అందరి భోజనాలూ అయిపోతాయి. అక్కడ కావాలనే పెంచలేదు. వంతు వచ్చేదాకా ఆ పొయ్యి చుట్టూ కూర్చోవాలి, ఏడాదిగా చూడని చిన్నమ్మలతో, వదినలతో మాట్లాడాలి. ఎవరి పిల్ల చదువు ఎక్కడిదాకా వచ్చింది, ఎవరికి పోడు కేసు పడింది, ఎవరింట్లో సంబంధం కుదిరింది, అన్నీ ఆ పొగలోనే తెలుస్తాయి. నా లెక్కలో అసలు పని అదే, వంట ఒక వంక :)

పనులు కూడా వరుసల్ని బట్టే. ఆడపడుచులు కోనేటి నీళ్ళు తెస్తారు, అల్లుళ్ళతో కలిసి మట్టి తొక్కి పుట్టలు కడతారు. కొత్త కోడళ్ళకి 'భేటింగ్' అని ఒక తంతు ఉంటుంది. తెల్ల చీర కప్పుకున్న కోడళ్ళని నాగోబాకి పరిచయం చేస్తారు. ఆ తర్వాతే వాళ్ళకి వంశం పూజల్లో చోటు. మన భాషలో ఆన్‌బోర్డింగ్ అనుకోండి.

ఈ జాతరకి 1940లలో ఒక కొత్త పని తోడైంది. 1940లో కుమ్రం భీంని జోడేఘాట్‌లో చంపేశాక, అసలు గోండుల బాధేమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. ఆ పని హైమెండార్ఫ్‌కి అప్పజెప్పింది. ఆయన వియన్నా వాడు. యుద్ధం వచ్చేసరికి చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ వాళ్ళు ఆయన్ని హైదరాబాదు సంస్థానం దాటకుండా కట్టడి చేశారు. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉండి గోండి నేర్చుకున్నాడు. ఎలాగూ జనం కేస్లాపూర్‌లో పోగవుతారు కదా, అధికారులే అక్కడికి వచ్చి గోడు వినాలని నాగోబా దర్బారు పెట్టించాడు. జనాన్ని పోగుచేసే పని ఆయనకి లేకుండా పోయింది. దాన్ని పొయ్యిలు ముందే చేసి పెట్టాయి.

ఇక అమెరికా. హైమెండార్ఫ్ మన అడవుల్లో తిరుగుతున్న ఆ రోజుల్లోనే, నాజీల వల్ల జర్మనీ వదిలిన ఇంకో మనిషి, కర్ట్ లెవిన్, అయోవాలో వంటింటి మీద పరిశోధన చేస్తున్నాడు. మంచి మాంసమంతా సైన్యానికి పోతోంది. మిగిలిన గుండెకాయ, మూత్రపిండాలు, అలాంటివి ఇళ్ళల్లో వండించాలని ప్రభుత్వం కోరిక. ఆ కమిటీకి కార్యదర్శి మార్గరెట్ మీడ్. లెవిన్ రెడ్‌క్రాస్ గృహిణుల్ని ఆరు గుంపులు చేశాడు. మూడింటికి ఉపన్యాసం: పోషకాలు, దేశభక్తి, వంటకాల కాగితాలు. మిగతా మూడు గుంపులూ తమలో తాము మాట్లాడుకుని, చివర్న చేతులెత్తి నిర్ణయం చెప్పాలి. తర్వాత ఆరా తీస్తే ఉపన్యాసం విన్నవాళ్ళలో వండింది 3 శాతం, మాట్లాడుకున్నవాళ్ళలో 32 శాతం. (మా నిర్మల్‌లో ఒక ఆదివారం బోటి కూర తినిపించి ఉంటే ఇంత శ్రమ తప్పేది.)

'గ్రూప్ డైనమిక్స్' అనే విద్యకి గట్టి పునాదుల్లో ఈ ప్రయోగం ఒకటి. లెవిన్ 1947లో చనిపోయాడు. అదే ఏడు ఎండాకాలం ఆయన సహచరులు మెయిన్ రాష్ట్రంలోని బెథెల్‌లో శిక్షణ శిబిరాలు మొదలుపెట్టారు. కంపెనీలు తమ మేనేజర్లని అలాంటి వాటికి పంపించడం, అందులోంచి టీం బిల్డింగ్ అనే వ్యాపారం పుట్టడం ఆ తర్వాతి కథ. అంటే హెచ్చార్ వాళ్ళు మనల్ని వంటింట్లోకి తోయడం ఒక రకంగా పుట్టింటికి పంపడమే. కాకపోతే లెవిన్ చూపించింది పక్కపక్కన నిలబడి గరిటె తిప్పితే ఏదో జరుగుతుందని కాదు. నిర్ణయం వాళ్ళ చేతికిస్తే జరుగుతుందని. షెఫ్ చెప్పినట్టు కలపడం ఉపన్యాసంలోకే వస్తుంది, మూడు శాతం ఖాతాలోకి.

ఇక్కడ నాకు గుచ్చుకునే విషయం ఒకటుంది. గోవాడ్‌లో పొయ్యి మెస్రం వాళ్ళకే, నాకు లేదు. ఉండాలని నేను కోరను కూడా, అది వాళ్ళ దేవుడు, వాళ్ళ ఇల్లు. కానీ మిగతా మనం కలిసి వండుకునేవి ఎట్లా ఉన్నాయి? కార్తీకం వస్తే వనభోజనాలు. ఉసిరి చెట్టు ఒకటే, బ్యానర్లు మాత్రం కులానికొకటి. పప్పు ఉడికేలోపు మన వాళ్ళ ఎమ్మెల్యే ఉపన్యాసం. అదీ టీం బిల్డింగే, టీం ఏదో ముందే ఖాయమైపోయింది, అంతే తేడా.

ఆ లెక్కన ఒకరికొకరు ఏమీ కాని పన్నెండు మందిని ఒక పొయ్యి ముందు నిలబెట్టగలిగేది ఆఫీసు ఒక్కటే. దాన్ని పాస్తాతో పాడుచేస్తున్నారని నా కంప్లైంటు. ఒకసారి షెఫ్ అందర్నీ 'మీ ఇంటి వంట ఏంటి' అని అడిగాడు. మా టీంలో ఉట్నూరు వైపు గోండు కుర్రాడొకడున్నాడు. 'బిర్యానీ' అన్నాడు. బస్సులో నా పక్కన కూర్చుని అన్నాడు, "అన్నా, జొన్న గట్క అంటే అది ఏందో చెప్పుమంటరు, చెప్తే నవ్వుతరు." ఆదిలాబాద్ వాణ్ణి కాబట్టి నాతో చెప్పాడు. మిగతా పదిమందికి వాడి ఇల్లు ఇప్పటికీ బిర్యానీయే.

2015లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు అమెరికా ఫైర్ స్టేషన్ల మీద ఒక అధ్యయనం అచ్చువేశారు. కలిసి తినే బృందాల పనితీరుకి పై అధికారులు ఎక్కువ మార్కులేశారని తేలింది. అయితే అక్కడ వంట ఈవెంటు కాదు. సిబ్బందే తలా కొంత వేసుకుని సరుకులు తెచ్చుకుంటారు, వంతులవారీగా వండుకుంటారు, గిన్నెలూ వాళ్ళే కడుక్కుంటారు.

కేస్లాపూర్‌లో ఇప్పుడు పెద్ద రాతి గుడి ఉంది. మెస్రం వాళ్ళు సొంతంగా చందాలేసుకుని కట్టుకుని 2022 డిసెంబరులో ప్రారంభించారు. గుడి పెరిగింది గానీ పొయ్యిలు ఇరవై రెండే.

మొన్న మా మేనేజరు మేడంకి ఒక ప్రపోజల్ పెట్టాను. ఈసారి పన్నెండు మందికి రెండే పొయ్యిలు, షెఫ్ వద్దు, ఎవరింటి వంట వాళ్ళు నేర్పాలి, గిన్నెలు మనమే కడగాలి. మేడం విని, "బాగుంది గానీ మూడు గంటల స్లాటండీ, టైం సరిపోదు" అన్నారు. నిజమే. కేస్లాపూర్‌లో కూడా మూడు గంటలు సరిపోవు, అందుకే రోజుల తరబడి అక్కడే ఉంటారు.