పేరు అడగని సన్నాయి

శుక్రవారం ఇక్కడ సెలవు. అల్ మవాలేలో బయటికెళ్ళలేనంత ఎండ. ఇంట్లో కూర్చుని ఒంగోలులో జరిగిన మా పెళ్ళి వీడియో పెట్టుకున్నాం. "ఆ సన్నాయి తాత పేరేంటి నాన్నా?" అని అడిగింది మా పాప. నాకు తెలీదు. వంటాయన పేరు చెప్పగలను, ఫోటోగ్రాఫర్ పేరూ చెప్పగలను. తాళి కట్టేటప్పుడు "గట్టిమేళం!" అనగానే ఊపిరంతా పోసి వాయించినాయన పేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఒంగోలు పక్కనే కరవది. షేక్ చినమౌలానా అక్కడే 1924లో పుట్టారు. తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం వాళ్ళది. తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. అంతటితో ఆగలేదు. రాజరత్నం పిళ్ళై వాయించే తంజావూరు బాణీ మీద మోజుతో నాచ్చియార్‌కోయిల్ వెళ్ళి, రాజం, దురైకణ్ణు పిళ్ళై సోదరుల దగ్గర మళ్ళీ శిష్యుడయ్యారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు.

నాదస్వరానికి హార్మోనియంలా మెట్లుండవు. ఉన్నవి ఏడు వేలిరంధ్రాలే. మిగతా స్వరాలూ గమకాలూ పీక మీద పెదవి పట్టుతో, ఊపిరి బిగువుతో పలికించాలి. ఊరేగింపులో అయితే నడుస్తూనే ఇదంతా. వినడానికి టికెట్ లేదు. గుడి దగ్గర నిలబడ్డ ఎవరైనా వినొచ్చు. బహుశా అందుకేనేమో, అందరి చెవినా పడుతుంది కానీ ఆగి వినేవాళ్ళు తక్కువ.

ఆయనకి 1977లో పద్మశ్రీ వచ్చింది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది 1998లో, డెబ్భై నాలుగో ఏట. మరుసటి ఏడే కన్నుమూశారు. అయితే 1982లో శ్రీరంగంలో ఆయన పెట్టిన శారదా నాదస్వర సంగీత ఆశ్రమం శిష్యుల్ని తయారుచేసింది. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

బిరుదులివ్వడం మన చేతిలో లేదు. పేరు అడగడం మన చేతిలోనే ఉంది.

నాన్నకి ఫోన్ చేశాను. "ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకురా?" అని కాసేపు ఆగి, "సరే, రేపు కనుక్కుని చెప్తాలే" అన్నారు.

పాపకి కూడా అదే చెప్పాను.