హాస్య నాటిక – ఔత్సాహిక సమాజాల రంగస్థలం

హాస్య నాటిక: నవ్వించడమే ప్రధానోద్దేశంగా రాసి, సుమారు ఒక గంటలో ముగిసేలా ప్రదర్శించే చిన్న నాటకం. తెలుగునాట దీన్ని బతికించినవారిలో టిక్కెట్టు పెట్టి ఊరూరా తిరిగిన నాటక కంపెనీలు తక్కువ. పగలు బడిలోనో బ్యాంకులోనో కచేరీలోనో కొలువు చేసుకుని, సాయంత్రం రిహార్సళ్లకు కూడుకునే ఔత్సాహిక సమాజాలే ఎక్కువ. తమలో ఒకరు కొత్త నాటిక రాయడం, ముందు సొంత ఊళ్లో ఆడి చూడడం, జనం నవ్విన చోట పెంచి నవ్వని చోట తెంచి నాటక పరిషత్తుల పోటీలకు పట్టుకెళ్లడం ఈ సమాజాల ఆనవాయితీ. మెతుకుసీమగా పిలిచే మెదక్ ప్రాంతంలో, ముఖ్యంగా కౌడిపల్లి వంటి మండల కేంద్రాల చుట్టూ, దీనికి సమాంతరంగా రాతప్రతి లేని మరో హాస్య ప్రదర్శన సంప్రదాయం నడిచింది.

తొలి రూపాలు

తెలుగులో దొరుకుతున్న మొదటి వీథి నాటకం ‘క్రీడాభిరామం’ హాస్యానికి దగ్గరి రచన. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ‘ప్రేమాభిరామం’ దీనికి మూలం. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న ఈ కృతిలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనిపించిన ప్రతిదానిమీదా వ్యాఖ్యానిస్తారు. తెలుగు నాటక సాహిత్యం తెలంగాణ నగరపు బజారులో, నవ్వుతూ మొదలైందని చెప్పడానికి ఈ ఒక్క గ్రంథం చాలు. ఆ తర్వాతి నాలుగు శతాబ్దాల్లో యక్షగానం, వీధి భాగవతం, తోలుబొమ్మలాట ప్రజల వినోదాలుగా ఉన్నాయి. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు బొమ్మలాటలో హాస్యం పండించారు.

వీరేశలింగం నుంచి గురజాడ దాకా

ఆధునిక హాస్య నాటకానికి 1880 గుర్తుంచుకోదగిన సంవత్సరం. ఆ ఏడు ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్లింది. వాళ్లు వేసి విడిచిన పాకలోనే కందుకూరి వీరేశలింగం (1848–1919) తన విద్యార్థుల చేత ‘చమత్కార రత్నావళి’ ఆడించారు. షేక్స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కు అది తెలుగు అనుసరణ. అదే కాలంలో ఆయన రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’ కోర్టు వ్యవహారాల్లోని మోసాన్ని ఎండగట్టింది. జనం దాన్ని ప్లీడర్ నాటకమనే పిలుచుకున్నారు. పాత్రలు తమ తమ కులవృత్తులకు, స్థాయికి తగిన వాడుక మాటలో మాట్లాడడం అందులో కొత్త. కూలికి వచ్చిన నటులు లేరు. ఉపాధ్యాయుడు రాశాడు, పిల్లలు ఆడారు, ఊరు చూసింది. తెలుగులో ఔత్సాహిక సమాజపు నమూనా అక్కడే పూర్తిగా కనిపిస్తుంది.

1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ ప్రదర్శించింది. 1897లో అచ్చయిన ఈ నాటకాన్ని గురజాడ 1909 నాటికి దాదాపు తిరగరాశారు; నేడు చదువుతున్నది ఆ రెండో కూర్పే. మొత్తం ఆడితే రాత్రంతా పట్టే రచన కావడంతో సమాజాలు దాన్ని కుదించక తప్పలేదు. విజయనగరానికే చెందిన జె.వి. రమణమూర్తి 1953 నుంచి నాలుగు దశాబ్దాల పాటు తాను గిరీశం పాత్ర ధరిస్తూ అలాంటి కుదింపు ప్రతితో ఊరూరా తిరిగారు. ఒక హాస్య నాటకాన్ని ఒక నటుడు ఇంత కాలం మోయడం తెలుగు రంగస్థలానికి దక్కిన అదృష్టం.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలు పద్య నాటకానివి. హార్మోనియం శ్రుతిలో రాగాలు తీసే నాటకాల్లో హాస్యం ఒక మూలకు పరిమితమైంది. ‘ప్రతాపరుద్రీయం’లో పేరిగాడు, ‘సత్యహరిశ్చంద్ర’లో నక్షత్రకుడు, కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’లో సుబ్బిశెట్టి ఆ మూలలోంచే ప్రేక్షకుల మనసుల్లోకి నడిచి వచ్చారు. సుబ్బిశెట్టి పాత్ర పల్లె ప్రదర్శనల్లో రచయిత రాసిన హద్దులు దాటి అసభ్యంగా పెరిగిందన్న అభ్యంతరం చాలాకాలం నుంచి ఉంది. ఆర్యవైశ్య సంఘాల ఫిర్యాదుపై 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది.

భమిడిపాటి కామేశ్వరరావు యుగం

హాస్య నాటికకు స్వతంత్ర జీవితం ఇచ్చినవారు భమిడిపాటి కామేశ్వరరావు (1897–1958). రాజమహేంద్రవరంలో లెక్కల మాస్టారు. పాఠకులు ‘హాస్యబ్రహ్మ’ అని పిలుచుకున్నారు. ‘బాగు బాగు’, ‘ఎప్పుడూ ఇంతే’, ‘ఈడూ జోడూ’, ‘వద్దంటే పెళ్లి’, ‘కచటతపలు’ ఆయన రంగస్థల రచనల్లో ప్రసిద్ధమైనవి. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ ఆయనకు ఇష్టుడు. మోలియేర్ నాటకాలను తెలుగు చేసినప్పుడు ఆయన పారిస్‌ను ఎక్కడా మిగల్చలేదు. పిసినారి, వైద్యుడు, కూతురికి పెళ్లి చేయాలని తొందరపడే తండ్రి అందరూ గోదావరి ఒడ్డున అద్దెకొంపల్లో పుట్టి పెరిగినవారిలాగే మాట్లాడతారు.

కామేశ్వరరావు హాస్యం మాటలో పుట్టేది. పాత్రలు ఒకరి వాక్యం ఒకరు మధ్యలో తెంచుతారు, అడిగిన ప్రశ్నకు తప్ప మిగతా అన్నిటికీ జవాబు చెబుతారు, చిన్న తర్కాన్ని పట్టుకుని ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ పూర్తిగా అసంబద్ధమైన నిర్ణయానికి చేరుకుంటారు. లెక్కల మాస్టారి చెయ్యి ఈ కట్టడిలో బాగా తెలుస్తుంది. కింద పడడం, దెబ్బలాట, వికృత వేషం మీద ఆయన ఆధారపడలేదు.

ఔత్సాహిక సమాజాలకు ఇది గొప్ప సౌకర్యమైంది. కిరీటాలు, తెరలు, హార్మోనిస్టు అక్కర్లేదు. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, ఒక గుమ్మం ఉంటే నాటిక నడుస్తుంది. పాడలేనివాడు కూడా ఆడగలడు. పాఠశాలల వార్షికోత్సవాలు, కళాశాల సంఘాలు, ఆఫీసర్ల క్లబ్బులు, న్యాయవాదుల సంఘాలు ఈ రచనలను చేతికి తీసుకోవడానికి ప్రధాన కారణం ఇదే. ఇదే కాలంలో మల్లాది విశ్వనాథ కవిరాజు ‘దొంగాటకం’, ‘కిఱ్ఱుగానుగ’ వంటి ప్రహసనాలు రాశారు. పానుగంటి ‘కంఠాభరణం’ అంతకుముందే రంగస్థలం మీద పేరు తెచ్చుకుంది. 1948 డిసెంబర్ 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక చిలకమర్తి ‘గణపతి’ రేడియో నాటకమై ఇంటింటికీ చేరింది.

కామేశ్వరరావు కుమారుడు భమిడిపాటి రాధాకృష్ణ ‘కీర్తిశేషులు’, ‘దంత వేదాంతం’, ‘మనస్తత్వాలు’, ‘భజంత్రీలు’ రాసి తండ్రి దారిని మరో తరానికి అందించారు. ‘కీర్తిశేషులు’ ప్రదర్శనలతో పేరు తెచ్చుకున్న రావు గోపాలరావు తరువాత సినిమాల్లో పెద్ద నటుడయ్యారు.

పరిషత్తులు, పోటీలు

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడింది. తరువాతి దశాబ్దాల్లో పోటీల పద్ధతి స్థిరపడి, ఊరికొక పరిషత్తు వెలిసింది. పోటీ నిబంధనలే నాటిక రూపాన్ని నిర్ణయించాయి: గంటలోపు ప్రదర్శన, ఒకే సెట్టు, తక్కువ పాత్రలు. నటీమణులు దొరకడం కష్టం. దొరికినా పారితోషికం, ప్రయాణ ఖర్చు చిన్న సమాజానికి భారం. అందువల్ల ‘స్త్రీ పాత్ర లేని నాటిక’ అని అట్ట మీదే వేసి అమ్మిన పుస్తకాలు చాలా వచ్చాయి. వాటిలో హాస్య నాటికల వాటా పెద్దది. ఇంటి గొడవలే ముడిసరుకైన ప్రక్రియ ఇల్లాలు లేకుండా నడవాల్సి రావడం ఆ రచనలకు తీరని లోటు.

డి.వి. నరసరాజు ‘ఈ ఇల్లు అమ్మబడును’, ‘వాపస్’ సమాజాలకు ఎంతో ఇష్టమైనవి. జంధ్యాల విజయవాడలో ఉండగా రాసిన ‘ఏక్ దిన్ కా సుల్తాన్’, ‘గుండెలు మార్చబడును’ ఆయన సినిమా హాస్యానికి తొలి బడి. గణేశ్ పాత్రో ‘కొడుకు పుట్టాల’ మగబిడ్డ కోసం ఆరాటాన్ని, కుటుంబ నియంత్రణను వ్యంగ్యంగా పట్టుకుని తెలుగు దాటి ఇతర భారతీయ భాషల్లోకీ వెళ్లింది. కుటుంబ నియంత్రణ ఇతివృత్తంతోనే 1965లో హైదరాబాదులో బబ్బన్ ఖాన్ దక్కనీ ఉర్దూలో మొదలుపెట్టిన ‘అద్రక్ కే పంజే’ 2001 దాకా ఆడి గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఒకే సమస్య మీద ఒకే కాలంలో తెలుగు, దక్కనీ రంగస్థలాలు నవ్విన తీరును పక్కపక్కన పెట్టి చదవవలసి ఉంది. యండమూరి ‘చీమ కుట్టిన నాటకం’, దివాకర్ బాబు ‘పుటుక్కు జర జర డుబుక్కు మే’, నటుడు రాళ్లపల్లి చేయూతతో రంగస్థలం మీదికి వచ్చిన తనికెళ్ల భరణి ‘గార్దభాండం’, ‘చల్ చల్ గుర్రం’ వ్యంగ్యానికి కొత్త పదును ఇచ్చాయి.

పరిషత్తు బహుమతులు మాత్రం ఎక్కువగా కన్నీటి నాటికలకే దక్కాయి. సమస్య బరువుగా ఉంటే రచన కూడా గొప్పదన్న అభిప్రాయం న్యాయనిర్ణేతల్లో బలంగా ఉండేది. హాస్య నాటికకు ఉత్తమ హాస్య నటుడి బహుమతితో సరిపెట్టేవారు. 1998లో మొదలైన నంది నాటకోత్సవాలు కూడా పద్య నాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటిక అని రూపాన్ని బట్టి విభాగాలు చేశాయి. ఈ నేపథ్యంలో విజయవాడలోని సుమధుర కళానికేతన్ హాస్య నాటికలకే ప్రత్యేకించి ఏటా పోటీలు జరపడం మెచ్చదగిన పని. కొత్త హాస్య రచనకు గడువు, వేదిక, ప్రేక్షకులు మూడూ ఒకేచోట దొరుకుతాయన్న భరోసా దానివల్ల రచయితలకు కలిగింది.

మెతుకుసీమ, కౌడిపల్లి పరిసరాలు

కౌడిపల్లి మెదక్ జిల్లాలో, హైదరాబాదు నుంచి నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్లే రోడ్డు మీద ఉన్న మండల కేంద్రం. నిజాం పాలనలో ఈ ప్రాంతపు చదువు, కచేరీ ఉర్దూలో సాగాయి. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 తెలుగువారి సంఘాలకు పెద్ద అడ్డంకి. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన 1930లో అప్పటి మెదక్ జిల్లా జోగిపేటలోనే జరిగింది. రాజమహేంద్రవరంలో మాస్టార్లు నాటికలు రాసి ఆడిస్తున్న ఆ రోజుల్లో ఇక్కడ కూడి మాట్లాడుకోవడానికే పోరాడాల్సి వచ్చింది. తెలంగాణ పల్లెల్లో పట్టణ తరహా నాటక సమాజాలు ఆలస్యంగా రావడానికి ఈ చరిత్రే మూలం.

అయితే నవ్వు లేని ఊరు లేదు. పగటి వేషగాళ్లు, బహురూపులు, చిందు భాగవతులు వంతులవారీగా పల్లెలకు వచ్చేవారు. చిందు యక్షగానంలో బుడ్డర్‌ఖాన్ వేషం కథ మధ్యలో దూరి అధికారి దర్పాన్ని అపహాస్యం చేస్తుంది. పిట్టలదొర ఇంకా గట్టివాడు. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిపి కోతలు కోస్తూ ఇంటింటి ముందూ నిలబడతాడు. కోతల్లో ఆ ఊరి పటేలు, ఆ ఏటి కరువు, నిన్న జరిగిన పంచాయితీ కూడా వచ్చి చేరతాయి. ఏ ఊరికి ఆ ఊరి నాటిక అప్పటికప్పుడు పుడుతుంది. కొత్త హాస్య రచన అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. రాతలో లేదన్న కారణంగా నాటక చరిత్రలు దీన్ని జానపద కళల అధ్యాయానికి నెట్టేశాయి.

మహాశివరాత్రికి ఏడుపాయల వనదుర్గ జాతర ఈ చుట్టుపక్కల జనమంతా కలిసే సందర్భం. జాతరలు, వినాయక చవితి పందిళ్లు, బడి వార్షికోత్సవాలు మెతుకుసీమ పల్లెల్లో స్థానిక ప్రదర్శనలకు వేదికలు. రామచంద్రాపురం భెల్, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం వంటి పరిశ్రమలు ఉమ్మడి మెదక్ జిల్లాకు వచ్చాక ఉద్యోగుల కాలనీల్లో పట్టణ తరహా నాటికలు కాలుమోపాయి. 1990ల అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతా బృందాలు చిన్న హాస్య నాటికలను బండి మీద ఊరూరికీ తీసుకెళ్లాయి. వేలిముద్ర వేసి మోసపోయే రైతు, లెక్క తప్పు చెప్పే షావుకారు అందులో పాత్రలు. పిట్టలదొర వేషం కూడా ఆ జాతాల్లోకి వచ్చింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఆటపాటల కార్యక్రమం అదే వేషాన్ని తెలంగాణ ఉద్యమ వేదికకు ఎక్కించింది.

తెలంగాణ యాసను పట్టణ నాటకం, సినిమా చాలాకాలం నౌకరు పాత్రకో రౌడీ పాత్రకో అంటగట్టి నవ్వించాయి. ఆ యాస మాట్లాడే ప్రేక్షకుడు తన మాటనే చూసి నవ్వాల్సి రావడం న్యాయం కాదు. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక హైదరాబాదు రవీంద్రభారతిలో జరిగిన యువ నాటకోత్సవాల్లో, జిల్లాల బృందాల రచనల్లో యాస నాయకుడి నోటికీ వచ్చింది. నవ్వు పుట్టించేది పాత్ర బుద్ధి, పరిస్థితి. మాట తీరు కాదు. హాస్య నాటికలో ఇటీవల వచ్చిన మార్పుల్లో ఇది అత్యంత ఆరోగ్యకరమైనది.

ఇటీవలి కాలం

2013లో మొదలైన ‘జబర్దస్త్’ టీవీ కార్యక్రమం తరువాత పల్లె వేదికల మీద గంట నాటిక స్థానంలోకి పది నిమిషాల స్కిట్ వచ్చింది. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు రెండు రోజుల్లో తయారు చేసుకోగల రూపం కావడం దాని బలం. పాత్ర పెరగడానికి వ్యవధి లేకపోవడం బలహీనత. ప్రవాసంలో గంట నాటిక ఇంకా నిలిచే ఉంది. సింగపూర్ తెలుగు సమాజం (1975), ఉత్తర అమెరికా తెలుగు సంఘం (1977) వంటి సంస్థల ఉగాది, మహాసభల వేదికల మీద సభ్యులే రాసి ఆడే నాటికలు కనిపిస్తాయి. హ్యూస్టన్‌లో స్థిరపడిన వంగూరి చిట్టెన్ రాజు ‘అమెరికామెడీ’ పేరుతో ప్రవాసుల జీవితంలోని హాస్యాన్ని రచనల్లోకి తెచ్చారు. వీసా గడువు, పెళ్లిచూపుల ఫోను, అమెరికా వచ్చిన అత్తగారు ఈ రచనల సామగ్రి.

కొత్త నాటికల్లో అచ్చయ్యేవి తక్కువ. ఎక్కువ భాగం డైరెక్టర్ చేతిరాతలో, జిరాక్సు ప్రతుల్లో సమాజం నుంచి సమాజానికి చేరుతున్నాయి. ప్రదర్శనకు ముందు రచయిత అనుమతి పత్రం తీసుకోవాలని పోటీ నిర్వాహకులు అడుగుతున్నారు. వీరేశలింగం జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.