పల్ప్ క్యాపింగ్: పిప్పి పన్నుకు రూట్ కెనాల్ తప్పదా? పన్ను లోపల గాయం మానేది ఇలా..

పిప్పి పన్ను అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది రూట్ కెనాల్. కానీ పుచ్చు లోతుగా వెళ్లిన ప్రతి పన్నుకూ అది అక్కర్లేదు. లోపలి పల్ప్ ఆరోగ్యంగా ఉంటే, దానిపై మందు పెట్టి మూసేసి పన్నును కాపాడొచ్చు. ఇదే పల్ప్ క్యాపింగ్. పన్నుపైన తొడిగే క్యాప్ వేరు, ఇది వేరు.

పల్ప్ అంటే ఏంటి?

పన్నుపైన తెల్లగా మెరిసేది ఎనామిల్. దాని కింద డెంటిన్. మధ్యలో రక్తనాళాలు, నరాలతో ఉండే మెత్తటి కణజాలమే పల్ప్. దీని అంచున ఉండే ఒడొంటోబ్లాస్ట్ కణాలే డెంటిన్‌ను తయారుచేస్తాయి.

గాయం ఎలా మానుతుంది?

పుచ్చు తీసేటప్పుడు పల్ప్ బయటపడితే ముందు రక్తం ఆగాలి. కొన్ని నిమిషాల్లో ఆగితే మంచి సూచనే. ఎంతకీ ఆగట్లేదంటే లోపల వాపు ఎక్కువగా ఉండొచ్చు. రక్తం ఆగాక డెంటిస్టులు కాల్షియం హైడ్రాక్సైడ్, ఎంటీఏ, బయోడెంటిన్ లాంటి వాటిలో ఒకటి పెట్టి, పైన ఫిల్లింగ్‌తో గట్టిగా మూసేస్తారు.

ఆ తర్వాత పనంతా పల్ప్‌దే. గాయమైన చోట ఒడొంటోబ్లాస్ట్‌లు చనిపోతాయి. పల్ప్‌లోని మూలకణాలు అక్కడికి చేరి వాటి పని అందుకుంటాయి. కొన్ని వారాల నుంచి నెలల్లో గట్టి పొర కడతాయి. దీన్నే డెంటిన్ బ్రిడ్జ్ అంటారు.

అసలు శత్రువు బ్యాక్టీరియా

1965లో అమెరికా పరిశోధకులు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి పల్ప్ బయటపడేలా చేశారు. మూయకుండా అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో పల్ప్ కుళ్లిపోయింది. సూక్ష్మక్రిములే లేని వాతావరణంలో పెరిగిన ఎలుకల్లో మాత్రం ఏ మందూ లేకుండానే డెంటిన్ బ్రిడ్జ్ ఏర్పడింది. అంటే క్రిములు చేరకపోతే పల్ప్ తనను తానే బాగుచేసుకోగలదు. అందుకే పైన వేసే ఫిల్లింగ్ కూడా మందు అంత ముఖ్యం.

ఏ మందు మంచిది?

కాల్షియం హైడ్రాక్సైడ్ చాలాకాలంగా వాడుకలో ఉంది, ధర తక్కువ. కానీ కాలక్రమంలో కరిగిపోవచ్చు, దాని కింద కట్టిన పొరలో సన్నటి రంధ్రాలు మిగలొచ్చు. 1990ల్లో కాలిఫోర్నియాలోని లోమా లిండా యూనివర్సిటీలో పుట్టిన ఎంటీఏ గట్టిగా మూస్తుంది. అయితే ఖరీదెక్కువ, పన్ను రంగు మారే అవకాశం ఉంది.

నొప్పి లేదని చెకప్ మానేయొద్దు

నొప్పి తగ్గినంత మాత్రాన గాయం మానినట్టు కాదు. కొన్నిసార్లు పల్ప్ చప్పుడు లేకుండా చనిపోతుంది. డాక్టర్ రమ్మన్నప్పుడు వెళ్లి చల్లదనం పరీక్ష, ఎక్స్‌రే చేయించుకోవాలి. ఈ లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు:

* చల్లటివి, వేడివి తగిలాక చాలాసేపు తగ్గని సలుపు
* రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి
* చిగురు మీద చీము పొక్కు
* పన్ను నల్లబడటం
* ఫిల్లింగ్ ఊడిపోవడం లేదా విరగడం

క్యాపింగ్ ఫలించకపోతే చాలావరకు రూట్ కెనాల్‌తో ఆ పన్నును నిలబెట్టుకోవచ్చు. నిర్లక్ష్యం చేస్తే ఇన్‌ఫెక్షన్ దవడ ఎముకకు పాకి, పన్ను తీసేయాల్సి రావొచ్చు.