ఎర్రపిల్ల ఒళ్ళు సల్లబడే రాత్రి

జూన్ నెల, రాత్రి తొమ్మిదిన్నర. కావేరిపట్టణంలో తెన్‌పెన్నై ఏటికి దగ్గరి వీధి. మిద్దె మెట్లెక్కి గడప దగ్గర చెప్పులు వదలండి. గోడవారన తోతాపురి కాయల గంప, మాగుతున్న వాసన. తక్కిన కాయంతా గుజ్జు ఫ్యాక్టరీకి లారీ ఎక్కేసింది. స్టూలు మీద నిప్పట్ల పొట్లం ఉంది. ఒకటి తీసుకోండి, కానీ చప్పుడు చేయకుండా నమలండి. కాసేపట్లో ఇక్కడ యుద్ధం.

బల్ల ముందు కూర్చున్నది నా మేనకోడలు. ఉద్యోగం హోసూరులో, శని ఆదివారాలు ఇక్కడ. కింద చాప మీద మా అమ్మ. పిల్లకు ఆమె అవ్వ. ల్యాప్‌టాప్ పక్క సందులోంచి వేడిగాలి పొయ్యి సెగలా కొడుతోంది. అవ్వ విసనకర్రతో విసురుతోంది, మనవరాలికి కాదు, ల్యాప్‌టాప్‌కు.

తెర మీద బాల్డర్స్ గేట్ 3. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో విడుదల చేసింది. ఈ ఆటలో తెలుగూ లేదు, తమిళమూ లేదు. ఇంగ్లీషులో వాళ్ళు మాట్లాడేది పిల్ల ఇంటి తెలుగులోకి మార్చి అవ్వకు చెబుతుంది. సిగ్గుపడాల్సిన చోట రెండు మాటలు మింగేస్తుంది. అవ్వకు అదీ తెలుసు.

"ఆ ఎర్రపిల్ల యాడుండాది మే?"

అదిగో, నిప్పు మంట ముందు నిలబడి ఉంది కార్లాక్. నిలువెత్తు మనిషి, ఎర్రటి ఒళ్ళు, ఒక కొమ్ము విరిగింది. నమ్మినవాడే ఆమెను నరకానికి అమ్మేశాడు. అక్కడ గుండె పీకేసి ఇంజను పెట్టారు. పదేళ్ళు ఆ నరకంలో, అవెర్నస్‌లో, యుద్ధం చేయించుకున్నారు. తప్పించుకుని వచ్చింది గానీ, ముట్టుకుంటే కాలిపోతారు. పదేళ్ళుగా ఆమెను ప్రేమగా తాకిన చెయ్యి లేదు. నా మేనకోడలి వీరురాలు ప్రేమించింది ఈమెనే. ఆటలో మీరు ఆడైనా మగైనా, తోటివాళ్ళలో ప్రేమ దారి ఉన్న ఎవరి మనసైనా గెలవచ్చు.

మొదటి రోజు అవ్వ అడిగింది, "ఇద్దరూ ఆడోళ్ళేనా?"

"అవును అవ్వా."

కొంచెంసేపు వక్క నమిలింది. "సరేలే. దాని ఒళ్ళు సల్లబడేది ఎప్పుడు?"

ఆ ఎప్పుడు, ఈ రాత్రి.

ఇలాంటి ఆటల్లో ప్రేమకు లెక్క ఉంటుంది. 2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో అయితే మైనస్ వంద నుంచి వంద దాకా మార్కులు. చిన్న చిన్న కానుకలు ఇచ్చి ఆ మార్కులు పెంచుకోవచ్చు. నాకది ఆఫీసులో పని జరగడానికి స్వీటు డబ్బా ఇచ్చినట్టే తోచింది. స్కైరిమ్‌లో ఇంకా సులువు. మారా దేవత పతకం మెళ్ళో వేసుకుని, మీరంటే ఇష్టపడే మనిషికి కనబడితే చాలు, పెళ్ళి మాట వస్తుంది. ఈ ఆట వేరు. మీరు కార్లాక్‌తో తీయగా మాట్లాడటం ఒక ఎత్తు, దారిలో దిక్కులేనివాళ్ళతో ఎలా మసలుకున్నారన్నది ఇంకొక ఎత్తు. రెండోది ఆమె చూస్తూనే ఉంటుంది. సాయం చేస్తే తెర మీద చిన్న అక్షరాలు మెరుస్తాయి: కార్లాక్ మెచ్చుకుంది. అదే సాయానికి జట్టులోని రక్తపిశాచి అస్టారియన్ మొహం మాడ్చుకుంటాడు. తోపులో తలదాచుకున్న శరణార్థుల మీద మీరు కత్తి ఎత్తారో, కార్లాక్ వదిలేసి పోతుంది.

"పిల్లనిచ్చే ముందర మేమూ అదే చూస్తాం. కూలోళ్ళతో వాడు ఎట్లా మాట్లాడతాడని," అంది అవ్వ. 'పాతాళభైరవి'లో తోటరాముడి వెంట తిరిగే అంజి గుర్తున్నాడు కదా. రాముడు ఏం చేసినా అంజి అలిగి ఇంటికి పోడు. ఈ ఆటల్లో అంజి కూడా అలుగుతాడు, పోతాడు.

ఇప్పుడు తెర చూడండి. లాస్ట్ లైట్ అనే సత్రం, చుట్టూ శాపం పట్టిన చీకటి. పేదరాశి పెద్దమ్మ పూటకూటి ఇల్లే అనుకోండి. ఐసోబెల్ అనే పూజారిణి తన వెన్నెల శక్తితో సత్రానికి గొడుగు పట్టింది. కొట్టంలో కమ్మరి డామన్. కార్లాక్ గుండెను బాగుచేయగలవాడు. కావలసిన నరకపు ఇనుము పిల్ల సంచిలో ఉంది కూడా. నేరుగా అతని దగ్గరికి పోకుండా, "పైన ఏముందో చూసొస్తా" అని మెట్లెక్కింది.

అక్కడే దెబ్బ తగిలింది. రెక్కలవాడు మార్కస్ దిగాడు, ఐసోబెల్‌ను ఎత్తుకుపోవడానికి. ఆమె పడిపోతే గొడుగు పోతుంది, సత్రంలో అందరూ చీకటి పాలు, డామన్ కూడా. ఈ పోరు మళ్ళీ మొదటినుంచి ఆడదామంటే కుదరదు. పిల్ల ఎంచుకున్నది ఆనర్ మోడ్. ఒకే సేవ్, వెనక్కు పోయే దారి లేదు.

విసనకర్ర ఆగింది. ఐసోబెల్ ప్రాణం సగానికి పడింది. రెక్కల ప్రేతాలు ఇంకా దిగుతున్నాయి. జట్టులోని షాడోహార్ట్ వంతు. పిల్ల వేలు మౌస్ మీద వణికింది. శాంక్చువరీ మంత్రం వేసింది. ఐసోబెల్ మీదికి వచ్చిన వేటు ఆగింది. కార్లాక్ గొడ్డలి తిప్పింది. పాచికలు దొర్లాయి, తగిలింది. ఇంకోటి, తప్పింది. ఇంకోటి.

మార్కస్ కూలాడు.

మెట్లు దిగి, వాకిలి దాటి, కొట్టంలోకి. ఇనుము చేతులు మారింది. కార్లాక్ రొమ్ములో మంట తగ్గింది. కింద మాటల వరుస వచ్చింది, అందులో ఒకటి కౌగిలించుకోవడం. పిల్ల చదవలేదు, నొక్కేసింది. పదేళ్ళ తర్వాత ఒక మనిషి కార్లాక్‌ను పట్టుకుంది, కాలలేదు.

అవ్వ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "అన్నం పెట్టుకో పో," అని లేచింది.

అప్పుడే డామన్ ఇంకో మాట చెప్పాడు, పిల్ల దాన్ని తెలుగులో చెప్పలేదు. ఈ ఇంజను ఈ లోకంలో ఎక్కువకాలం నిలవదు. కార్లాక్ కార్లాక్‌గానే బతకాలంటే మళ్ళీ అవెర్నస్‌కు పోవాల్సిందే. కావాలంటే ప్రేమించినవాళ్ళు తోడు పోవచ్చు. అవ్వకు ఇంకా తెలియదు. మెట్లు దిగేటప్పుడు మీరూ నోరు జారకండి.